రోబో కిట్‌కు రంగు వేసే ముందు మాస్కు సైజు చూసుకోండి

గన్‌ప్లా, అంటే జపాన్ ‘గండం’ యానిమే రోబోల ప్లాస్టిక్ కిట్లు కట్టడం, మొదలుపెట్టే అమ్మాయిలకు ఏ కిట్ కొనాలో చెప్పేవాళ్లు చాలామందే ఉంటారు. ముఖానికి సరిపడే మాస్కు గురించి మాత్రం ఎవరూ ఎత్తరు. కిట్ కట్టడం దాటి రంగుల్లోకి దిగాలనుకుంటే ముందు తేల్చుకోవాల్సింది ఇదే. అందుకే దీనితోనే మొదలుపెడుతున్నాను.

లాకర్ రంగులు (ఘాటైన థిన్నర్‌తో కలిపే, త్వరగా ఆరే రంగులు) కొట్టేటప్పుడు గుడ్డ మాస్కు, ఎన్95 మాస్కు పనికిరావు. అవి దుమ్మును ఆపుతాయి, థిన్నర్ ఆవిరిని ఆపవు. కావాల్సింది ద్రావకాల ఆవిరిని పట్టే ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్‌లు, వాటి మీద డస్ట్ ఫిల్టర్ ఉన్న హాఫ్ మాస్కు. దీనికి సైజులుంటాయి. 3ఎం 6000 సిరీస్‌నే తీసుకుంటే 6100 చిన్నది, 6200 మధ్యస్థం, 6300 పెద్దది. సన్నటి ముఖానికి మధ్య సైజు పెడితే ముక్కు పక్కన, గడ్డం కింద సందు మిగులుతుంది. గాలి ఫిల్టర్‌లోంచి కాకుండా ఆ సందులోంచే లోపలికి వస్తుంది. సరిపోయిందో లేదో తెలుసుకోవడం తేలికే. రెండు అరచేతులతో కార్ట్రిడ్జ్‌లను మూసి మెల్లగా గాలి పీల్చండి. మాస్కు కొంచెం లోపలికి ముడుచుకుని అలాగే నిలబడితే సరిపోయినట్టు. ఎక్కడైనా చల్లగా గాలి తగిలితే పట్టీలు సవరించి మళ్లీ చూడండి. అంచు కింద ఒక్క జుట్టుపాయ ఉన్నా చాలు, సీల్ పోతుంది. కాబట్టి ముందు జుట్టు వెనక్కి గట్టిగా కట్టుకోండి. సీల్ సరిగ్గా ఉన్నా లోపలికి థిన్నర్ వాసన వస్తోందంటే కార్ట్రిడ్జ్ పని అయిపోయింది. వాడనప్పుడు దాన్ని గాలి చొరబడని సంచిలో ఉంచాలి, లేకపోతే ఊరికే గదిలో పెట్టినా చుట్టూ ఉన్న ఆవిరిని పీల్చుకుంటూనే ఉంటుంది.

గర్భంతో ఉన్నా, పిల్లలకు పాలిస్తున్నా లాకర్‌ను పక్కన పెట్టేయండి. చాలా లాకర్ థిన్నర్లలో టోలుయీన్ లాంటి ద్రావకాలుంటాయి. ఆ కొన్నాళ్లు నీటి ఆధారిత యాక్రిలిక్‌తో, బ్రష్‌తో పని చేసుకోవచ్చు. దానివల్ల పనిలో నాణ్యత ఏమీ తగ్గదు. మిగతా అనుమానాలు డాక్టర్‌ను అడగండి.

1980 జులైలో జపాన్ కంపెనీ బందాయ్ మొదటి 1/144 స్కేలు గండం కిట్‌ను 300 యెన్‌లకు అమ్మింది. అది దాదాపు ఒకే రంగు ప్లాస్టిక్‌లో వచ్చేది. జిగురు పెట్టి అతికించాలి, రంగు వేస్తే తప్ప గండంలా కనిపించదు. ఇప్పటి కిట్లకు జిగురు అక్కర్లేదు, భాగాలు కూడా వేర్వేరు రంగుల్లోనే వస్తాయి. కాబట్టి రంగు వేయడం ఇప్పుడు తప్పనిసరి కాదు, మన ఇష్టం. 2022లో వచ్చిన ‘ది విచ్ ఫ్రమ్ మెర్క్యురీ’తో గండం టీవీ సిరీస్‌కు మొదటిసారి ఒక అమ్మాయి ప్రధాన పాత్ర అయింది. ఆమె నడిపే ఏరియల్ అనే రోబో కిట్‌తో ఈ హాబీలోకి వచ్చినవాళ్లుంటే, రంగులకు కూడా దాని హెచ్‌జీ (హై గ్రేడ్) కిట్‌నే వాడుకోండి. పెద్ద పెద్ద తెల్లటి ప్యానెళ్లు, తక్కువ భాగాలు. నేర్చుకోవడానికి అంతకంటే ఏం కావాలి? ఆర్‌జీ (రియల్ గ్రేడ్) కిట్‌ను మాత్రం మొదటి పెయింట్ పనికి తీసుకోవద్దు. భాగాలు మరీ చిన్నవి, బిగుతు ఎక్కువ. పొర కాస్త మందమైతే తిరగవు, బలవంతం చేస్తే విరుగుతాయి.

ఇక కోత. రన్నర్ (భాగాలన్నీ అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) నుంచి భాగాన్ని ఒకే దెబ్బకు ఒరుసుకుపోయేలా కోయకండి. గేట్, అంటే భాగాన్ని రన్నర్‌కు కలిపే సన్నటి ముక్క, 2, 3 మి.మీ. మిగిలేలా ఒక కోత, తర్వాత అర మి.మీ. ఉంచి రెండో కోత. మిగిలినది ఫైల్‌కు, శాండ్‌పేపర్‌కు వదిలేయాలి. దగ్గరగా కోస్తే ప్లాస్టిక్ నలిగి తెల్లటి మచ్చ పడుతుంది. ముదురు రంగు భాగాల మీద అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రంగు వేసేవాళ్లకు ఆ మచ్చతో బాధ లేదు, రంగుకు ముందు అడుగున వేసే ప్రైమర్ కప్పేస్తుంది. గుంట పడితే మాత్రం ప్రైమర్ కప్పదు, సరికదా ఇంకా బయటపెడుతుంది. సింగిల్ బ్లేడ్ నిప్పర్స్ (ఒకవైపే పదునున్న కటింగ్ ప్లయర్) ఉంటే వాటిని సన్నటి గేట్లకే వాడండి. లావు రన్నర్‌ను వాటితో కోస్తే బ్లేడ్ అంచు విరిగిపోతుంది. కొనే ముందు పిడి చేతిలో పట్టి చూడండి. పూర్తిగా తెరిచినప్పుడు వేళ్లు చాచాల్సి వస్తే గంటలోపే బొటనవేలి మొదట్లో నొప్పి మొదలవుతుంది.

శాండ్‌పేపర్ 400తో మొదలై 600, 800 వరకు చాలు. 1000 దాటించి నునుపు చేస్తే ప్రైమర్‌కు పట్టు దొరకదు.

నెయిల్ ఆర్ట్ సరంజామా ఉన్నవాళ్లకు కొన్ని పనులు కలిసొస్తాయి. గాజు నెయిల్ ఫైల్ గేట్ మచ్చ మీద చక్కగా పనిచేస్తుంది, గీతలు పెద్దగా మిగలవు. జెల్ నెయిల్స్ ఆరబెట్టే ల్యాంప్ యూవీ రెజిన్‌ను కూడా గట్టిపరుస్తుంది. రోబో కంటి గుంటలో వెండి రంగు వేసి, డాటింగ్ టూల్‌తో ఒక్క చుక్క క్లియర్ రెజిన్ పెట్టి ల్యాంప్ కింద ఉంచితే కన్ను నిజంగా లెన్స్‌లా ఉబ్బి మెరుస్తుంది. మందంగా పోయకండి, గట్టిపడేటప్పుడు వేడెక్కి కుంచించుకుపోతుంది. నెయిల్ పాలిష్‌ను, రిమూవర్‌ను మాత్రం కిట్ దగ్గరికి రానివ్వద్దు. రిమూవర్‌లోని అసిటోన్, పాలిష్‌లోని ద్రావకాలు కిట్ ప్లాస్టిక్ అయిన పాలీస్టైరీన్‌ను కరిగించేస్తాయి.

రంగుకు ముందు ఒకసారి కిట్ మొత్తం కట్టి చూస్తారు కదా, అప్పుడే లోపలి పిన్నుల కొసలను ఏటవాలుగా కోసేయండి. లేకపోతే మళ్లీ విప్పేటప్పుడు భాగాలు చీలతాయి. ఆ తర్వాత గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ వేసి కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. వేలి జిడ్డు ఉన్నచోట ప్రైమర్ కూడా నిలవదు.

ఇప్పుడు అసలు సంగతి, రంగు వేయడం. ముత్యపు గులాబీ రంగునే ఉదాహరణగా తీసుకుంటాను. పింక్ అంటే సులువని చాలామంది అనుకుంటారు గానీ ఎరుపు, పసుపు, గులాబీ రంగులకు కప్పే శక్తి తక్కువ. బూడిద రంగు ప్రైమర్ మీద వేస్తే గులాబీ మురికిగా తేలుతుంది. అందుకని గ్రే ప్రైమర్‌ను గీతలు, గుంటలు వెతకడానికి వాడుకుని, వాటిని సరిచేశాక దాని మీద తెలుపు గానీ గులాబీ ప్రైమర్ గానీ వేయాలి. లాకర్ అయితే ఒక వంతు రంగుకు ఒకటిన్నర నుంచి రెండు వంతుల థిన్నర్. ఎయిర్‌బ్రష్‌కు 0.3 మి.మీ. నాజిల్, 12 నుంచి 15 పీఎస్‌ఐ ఒత్తిడి, 5 నుంచి 8 సెం.మీ. దూరం. మొదటి పొర పొగమంచులా పలచగా పడితే చాలు. కింద రంగు కనిపిస్తోంది కదా అని అక్కడే ఆగి కొట్టకండి. మూడు నాలుగు పొరల్లో నిండుతుంది. పైన ఇసుక చల్లినట్టు గరుకుగా ఉంటే రంగు గాల్లోనే ఆరిపోతోందని అర్థం. దగ్గరికి రండి, లేదా ఇంకాస్త థిన్నర్ కలపండి. సాలీడు కాళ్లలా పాయలు పాయలుగా పరుగెడితే రంగు మరీ పలచనైంది, లేదా ఒత్తిడి ఎక్కువైంది.

గులాబీ ఆరాక పెర్ల్ (ముత్యపు మెరుపు) పొర. ఇందులో మెరుపు రేణువులు కప్పు అడుగున కూర్చుంటాయి, కొడుతూ మధ్యమధ్యలో కలుపుతూ ఉండాలి. ఇది పారదర్శకం కాబట్టి పొర పెరిగేకొద్దీ ఛాయ మారుతుంది. కుడి భుజానికి రెండు పొరలు, ఎడమ భుజానికి మూడు పొరలు పడ్డాయంటే పక్కపక్కన పెట్టినప్పుడు తేడా పట్టేస్తారు. ఒకే రంగు భాగాలన్నీ ఒకే విడతలో, ఒకే లెక్కతో కొట్టండి. పైన నిగనిగలాడే గ్లాసీ క్లియర్ (పారదర్శక పూత) వేయండి. మెరుపు లేని మ్యాట్ పూత వేశారంటే ముత్యపు మెరుపు చచ్చిపోతుంది.

ఎయిర్‌బ్రష్ లేకపోతే చదును బ్రష్‌తో యాక్రిలిక్ వేయొచ్చు. మొదటి పొర మచ్చలు మచ్చలుగానే వస్తుంది, కంగారు అక్కర్లేదు. సగం ఆరిన చోట మళ్లీ బ్రష్ తిప్పితే కింది పొర లేచొస్తుంది. అరగంట ఆగి రెండోది అడ్డంగా, మళ్లీ ఆగి మూడోది నిలువుగా.

ప్యానెళ్ల మధ్య గాడి గీతల్లో నింపే ఎనామెల్ రంగు ద్రవంతో జాగ్రత్త. లాకర్ గ్లాసీ పొర మీద అయితే అది గీతలో పరుగెత్తుతుంది, బయటికి వచ్చింది ఎనామెల్ థిన్నర్ తడిపిన కాటన్ బడ్‌తో పోతుంది, కింద రంగుకు ఏమీ కాదు. అదే రంగు వేయని ఏబీఎస్ ప్లాస్టిక్ జాయింట్ల మీద, బిగుతుగా ఉన్న పిన్ను దగ్గర పడితే ప్లాస్టిక్ లోపలికి ఇంకి పగులుతుంది. విడి భాగాల మీదే గీతలు వేసి, ఆరాకే బిగించండి. వరుస కూడా మరిచిపోవద్దు. అడుగున లాకర్, ఆ పైన యాక్రిలిక్, అన్నిటికంటే పైన ఎనామెల్. ఆరిన యాక్రిలిక్ మీద తడిగా లాకర్ కొడితే కింద రంగు ముడతలు పడుతుంది.

మెగామి డివైస్, 30 మినిట్స్ సిస్టర్స్ లాంటి అమ్మాయి బొమ్మల కిట్లలో కళ్లు ముఖం మీద ముందే అచ్చువేసి వస్తాయి. ఆ ముఖానికి ప్రైమర్ కొట్టవద్దు. ముందు మ్యాట్ టాప్‌కోట్ (పైపూత) పలచగా వేయండి, ఆ గరుకుదనమే బుగ్గలకు అద్దే రంగు పొడిని పట్టుకుంటుంది. టామియా కంపెనీ వెదరింగ్ మాస్టర్ అనే రంగు పొడి చూడ్డానికి అచ్చం ఐషాడో డబ్బీలా ఉంటుంది, బొమ్మల చర్మానికే వేరుగా సెట్లున్నాయి. మెత్తటి బ్రష్‌కు కాస్త అంటించి, సగం కాగితానికి తుడిచేసి, బుగ్గ మీద చిన్న గుండ్రాలు తిప్పండి. ఎక్కువైతే తడి కాటన్ బడ్‌తో తీసేయొచ్చు. మ్యాట్ మళ్లీ వేసినప్పుడు ఎరుపు కొంత తగ్గుతుంది కాబట్టి కావాల్సినదానికంటే ఒక పిసరు ఎక్కువే ఉంచండి. మెడ, మోచేతి మడతల్లో బాగా పలచన చేసిన క్లియర్ ఆరెంజ్ కొడితే నీడ వస్తుంది, ప్లాస్టిక్ చర్మానికున్న సహజమైన కాంతీ పోదు. సొంత మేకప్ పొడి వాడొచ్చా అంటే, నా సలహా వద్దనే. వాటిలో నూనెలుంటాయి, పైన వేసే క్లియర్ సరిగ్గా పట్టదు.

వాన పడే రోజు, గాలిలో తేమ ఎక్కువున్న రోజు స్ప్రే డబ్బా టాప్‌కోట్ జోలికి పోవద్దు. ద్రావకం ఆవిరయ్యేటప్పుడు పైపొర చల్లబడి తేమను లాక్కుంటుంది, తెల్లగా మసకబారుతుంది.

చివరి బిగింపుకు తొందర పడకండి. లాకర్ నిమిషాల్లో తాకడానికి ఆరినట్టే ఉంటుంది, లోపల ఆరదు. కనీసం ఒక రోజు ఆగి, భాగాన్ని ముక్కు దగ్గర పెట్టి చూడండి. థిన్నర్ వాసన వస్తుంటే ఇంకా ఆగాలి. జాయింట్ పిన్నులకు, వాటి గుంటలకు రంగు పడకుండా మాస్కింగ్ టేప్ ముందే వేసి ఉంటే మంచిది. వేయకపోతే బిగించే ముందు ఆ రెండు ముఖాలను 600 కాగితంతో గీకి ప్లాస్టిక్ బయటపడేదాకా తీసేయండి.