గ్రీజు కాదు, నూనె

మా ఇంట్లో ఉన్న 1969 నాటి స్టాండర్డ్ హెరాల్డ్‌ను, నాన్నగారు నెల్లూరు నుంచి మద్రాసుకు ఉద్యోగానికి వచ్చిన కొన్నేళ్లకు, మొదటి యజమాని దగ్గర కొన్నారు. వండలూరులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ కర్మాగారంలో తయారైన ఆ కారు, ఈ ఊళ్లో పుట్టి ఈ ఊళ్లోనే పెరిగింది. ఆయన పోయినప్పటి నుంచి దాని బాగోగులు నావి.

ఇంగ్లండులో 1959లో వచ్చిన ట్రయంఫ్ హెరాల్డ్‌కు ఇది మన దేశపు రూపం. బాడీని గీసినవాడు ఇటలీకి చెందిన జొవాన్ని మికెలొట్టి. ఇంజను 948 సీసీ. మద్రాసులో 1961 నుంచి 1971 దాకా దీన్ని తయారుచేశారు, నాలుగు తలుపుల నమూనాను మన దేశం కోసమే రూపొందించారు. ముందు మడ్‌గార్డులతో సహా బానెట్టంతా ముందుకు వాలుతుంది కనుక, టైరు మీద కూర్చుని ఇంజను పని చేసుకోవచ్చు. నాకు రిపేరు పని మీద మమకారం కలిగించింది ఆ టైరు మీది కూర్చోవడమే.

దీని ముందు చక్రాలు చాలా పక్కకు తిరుగుతాయి; దాదాపు 25 అడుగుల వలయంలో కారు మొత్తం వెనక్కు మళ్లుతుంది. మద్రాసులోని సాలిగ్రామం సందుల్లో ఇంతకు మించిన సుఖం లేదు. అయితే ఆ మలుపు భారమంతా మోసేది ట్రనియన్ అనే చిన్న కంచు భాగం. వర్టికల్ లింక్ అనే ఉక్కు కడ్డీ చివర ఉన్న మర, ఈ కంచులో ఇమిడి ఉండి, స్టీరింగు తిప్పినప్పుడల్లా అందులోనే తిరుగుతుంది.

ఆరేళ్ల కిందట కారుకు కొత్త పెయింటు వేయించాను. అద్దంలా మెరిసింది. ఆ షెడ్డువాళ్లు సర్వీసు కూడా చేసి, అన్నిచోట్లా గ్రీజు కొట్టి ఇచ్చారు. కొన్ని నెలల తరువాత, వడపళని దగ్గర ఒక సందులో నెమ్మదిగా మలుపు తిప్పుతుండగా ఎడమవైపు లింకు విరిగి చక్రం కారు కిందికి మడతపడింది. వేగం లేదు కనుక ఎవరికీ దెబ్బ తగలలేదు. అదే చక్రం, ఊరి నుంచి దక్షిణానికి పోయే పెద్ద రహదారి అయిన జీఎస్‌టీ రోడ్డు మీద విరిగి ఉంటే అన్న ఊహకు ఇప్పటికీ గుండె జల్లుమంటుంది.

విరిగిన ముక్క పట్టుకుని పుదుప్పేటకు వెళ్తే, పాత సామాను అంగళ్ల మధ్య చిన్న షెడ్డు నడిపే నెల్లూరు వైపు పెద్దాయన దాన్ని చేత్తో తడిమి చూసి, “బాబూ, దీనికి గ్రీజు పనికిరాదు. గ్రీజు గన్నులో తొంభై నంబరు గేరు ఆయిలు నింపి, బయటికి ఊరేదాకా కొట్టాలి” అన్నారు. గ్రీజు మర లోతుకు పూర్తిగా చేరదు, పైగా కాలక్రమంలో గట్టిపడుతుంది. లోపలికి దిగిన వాన నీరు ఉక్కును తుప్పు పట్టిస్తుంది. మర బిగుసుకుపోయాక స్టీరింగు తిప్పిన ప్రతిసారీ ఆ మెలి అంతా కడ్డీ మీదే పడుతుంది. పాత బండ్ల యజమానులు పెయింటుకూ క్రోమియానికీ పెట్టే డబ్బులో పదో వంతైనా ముందు ఇలాంటి చోట్ల పెట్టాలని అప్పటి నుంచి కలిసినవారందరికీ చెబుతున్నాను.

ఇప్పుడు అక్టోబరు వానలకు ముందొకసారి, సంక్రాంతి వెళ్లాక ఒకసారి నూనె పెడతాను. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను నీరు చక్రాల సగం దాకా నిలిచినప్పుడు, నీరు తీయగానే చేసిన మొదటి పని కూడా అదే.

పెట్రోలు సంగతి వేరు. ఇథనాలు కలిపిన పెట్రోలు పాత రబ్బరును పాడుచేస్తుంది కనుక గొట్టాలనూ పెట్రోలు పంపులోని డయాఫ్రంనూ దానికి తట్టుకునేవి వేయించాను. సీసం లేని పెట్రోలుకు తగినట్టు, ఇంజను హెడ్ విప్పినప్పుడు గట్టి వాల్వు సీట్లు కూడా పెట్టించాను.

యాభై ఏళ్లు దాటిన బండ్లకు 2021లో వింటేజి రిజిస్ట్రేషను నిబంధనలు వచ్చాయి. ఆ హోదా తీసుకున్న బండిని ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతుల వంటివాటికి తప్ప రోజువారీగా రోడ్డు మీద తిప్పకూడదు. అందుకే నేను తీసుకోలేదు. ఐదేళ్లకోసారి మామూలు రిజిస్ట్రేషనునే పొడిగించుకుంటున్నాను. ఆదివారం తెల్లవారుజామున అమ్మను ఎక్కించుకుని మైలాపూరు దాకా వెళ్లి రావడం మాకు అలవాటు. ఆమె నాన్నగారి పక్కన కూర్చున్న సీటులోనే ఇప్పటికీ కూర్చుంటుంది. బయలుదేరే ముందు నేను టార్చిలైటుతో వంగి రెండు ట్రనియన్ల దగ్గర నూనె తడి ఉందో లేదో చూస్తాను.