రాని సంచికకు ముందే డబ్బు: జర్నళ్ల చందాతో నా అనుభవం

బిల్లు నిన్న సాయంత్రం పాసైంది, మూడుసార్లు వెనక్కొచ్చి నాలుగోసారి. ఒళ్లు మండుతుండగానే రాసేస్తున్నాను, చల్లారితే సగం మర్చిపోతాను.

మాది ఒడిశాలోని గంజాం జిల్లాలో ట్రస్టు నడిపే మెడికల్ కాలేజీ, నేను లైబ్రరీ చూస్తాను. సర్కారు కాలేజీలకు 2025 జనవరి నుంచి కేంద్రం పెట్టిన 'ఒకే దేశం, ఒకే చందా' పథకం కింద 30 ప్రచురణ సంస్థల ఈ-జర్నళ్లు దాదాపు 13 వేలు అందుతున్నాయి. ప్రైవేటు వాళ్లం సొంత బడ్జెట్లోనే కొనుక్కోవాలి.

సెప్టెంబరులో విభాగాధిపతుల జాబితాలు, అక్టోబరులో ఏజెంట్ల కొటేషన్లు. ఇంతవరకు నల్లేరు మీద బండి నడకే. ఒక్కటే జాగ్రత్త, పేరు చూసి కాదు, ఐఎస్ఎస్ఎన్ చూసి ఆర్డరివ్వండి, అంటే ప్రతి పత్రికకూ విడిగా ఉండే ఎనిమిదంకెల గుర్తింపు నంబరు. సర్జరీ పత్రికల పేర్లు కవలపిల్లల్లా ఉంటాయి, పైగా అచ్చుప్రతికి ఒక నంబరు, ఆన్‌లైన్‌కు ఇంకొకటి. నంబరు సరైనదో కాదో లెక్కకట్టి చూసుకోవచ్చు. వైద్య వారపత్రిక లాన్సెట్ అచ్చుప్రతిది 0140-6736. మొదటి ఏడంకెల్నీ వరసగా 8, 7, 6, 5, 4, 3, 2తో గుణించి కూడితే 82. 11తో భాగిస్తే శేషం 5. దాన్ని 11లోంచి తీస్తే 6, చివరంకె అదే రావాలి. మా ఏజెంటు పట్టీలో రెండు నంబర్లు ఈ లెక్కకు నిలవలేదు.

ఇక అకౌంట్స్ సెక్షన్. జర్నలు చందా జనవరి నుంచి డిసెంబరు దాకా, డబ్బు ముందే కట్టాలి. అక్కడి హెడ్ క్లర్కు, మా బడబాబుకేమో ఏ బిల్లు వెనకైనా స్టాకు రిజిస్టరు నంబరు ఉండాల్సిందే. "ఆజ్ఞా, మాల కాహిఁ?" అన్నాడు, సరుకేదీ అని. ఫినాయిల్ డబ్బాలకూ అదే ప్రశ్న, వారపత్రికకూ అదే ప్రశ్న. రెండోసారి '52 సంచికలూ అందాక బిల్లు పెట్టండి' అని ఎర్రసిరాతో రాశాడు. హౌస్‌సర్జన్లు స్టైపెండ్ కోసం వరసలో నిలబడి వింటుండగా "మీ ఆంధ్రాలో రాని సరుక్కి డబ్బిచ్చేస్తారా?" అని కూడా అన్నాడు. 1936 దాకా ఈ గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేదని, మేం నిన్న దిగినవాళ్లం కామని నోటిదాకా వచ్చింది. బిల్లు ఆయన బల్ల మీదుంది కాబట్టి మింగేశాను.

మూడోసారి తప్పు నాది. ఏజెంటు ఆన్‌లైన్ జర్నళ్ల మీద 18 శాతం జీఎస్టీ వేస్తే చూసుకోలేదు. గుర్తింపు ఉన్న డిగ్రీ చదువులు చెప్పే సంస్థలకు ఆన్‌లైన్ విద్యా జర్నళ్ల మీద 2018 జనవరి 25 నుంచి మినహాయింపుంది. జీఎస్టీ మినహాయింపుల 12/2017 నోటిఫికేషన్లో 66వ పద్దు తీసి చూపించండి. అచ్చు జర్నళ్లకు ఎలాగూ పన్ను లేదు. డాలరు రేటూ అంతే. కొటేషన్ నాటికీ ఇన్వాయిస్ నాటికీ రెండు రూపాయలు పెరిగితే 500 డాలర్ల జర్నలు మీద వెయ్యి, అలాంటివి నలభై ఉంటే నలభై వేలు. ఆ తేడాకు మంజూరు లేదన్నాడు బడబాబు, న్యాయమే. ఈసారి నుంచి అంచనాలోనే పది శాతం ఎక్కువ వేస్తాను.

చివరికి బిల్లు కదిలింది దేనితోనంటే, ముందస్తు చెల్లింపు అని పైనే రాసి డీన్ గారితో సంతకం పెట్టించిన నోటుతో. దానికి ప్రచురణకర్త ధరల పేజీ ముద్రించి, ఇన్వాయిస్ తేదీ నాటి బ్యాంకు డాలరు అమ్మకం రేటు కాగితంతో కలిపి కుట్టాను. రాని సంచికకు డబ్బు తిరిగిస్తామని ఏజెంటు చేత స్టాంపు కాగితం మీద రాయించాను. స్టాకు నంబరుకు బదులు ఒక్కో జర్నలు కార్డెక్స్ కార్డు (వచ్చిన సంచికలు గుర్తు పెట్టుకునే గళ్ల కార్డు) నంబరు వేశాను, సంచిక వచ్చినప్పుడల్లా ఆ గడిలో తేదీ పడుతుందని రాసి. నంబరనేది కనబడ్డాక బడబాబు ఇంకేమీ అడగలేదు.

ఆ కార్డుల్ని నెలకోసారైనా తిరగెయ్యండి. మధ్యలో గడి ఖాళీగా కనిపిస్తే ఆ రోజే ఏజెంటుకు రాయాలి. రెండు మూడు నెలలు దాటాక అడిగితే చాలామంది ప్రచురణకర్తలు ఊరికే పంపరు, పాత సంచికగా వెల కట్టి అమ్ముతారు.