క్యాంపర్‌లో వచ్చిపోయే కరెంటు: లోపం ఎక్కడ దొరికిందంటే

మా పికప్ ట్రక్కు వెనక కట్టించుకున్న క్యాంపర్‌లో లైట్లు, ఫ్యాను, చిన్న ఫ్రిజ్ బ్యాటరీ మీద నడుస్తాయి. ఇంటి దగ్గరున్నప్పుడు మాత్రం షోర్ పవర్ పెడతాం. అంటే గోడకున్న 16 ఆంపియర్ల సాకెట్ నుంచి కేబుల్ లాగి, బండి పక్కనున్న నీలం రంగు ఇన్‌లెట్‌కి తగిలిస్తాం. అనంతగిరి కొండలకు వెళ్లొచ్చాక అల్వాల్‌లో ఇంటి ముందు ఎప్పటిలాగే కనెక్ట్ చేస్తే, లోపల చేంజోవర్ రిలే (బయటి కరెంటుకీ బ్యాటరీ కరెంటుకీ మధ్య దానంతటదే మారే స్విచ్) టక్ టక్‌మని కొట్టుకోవడం మొదలుపెట్టింది. కాసేపు బాగుంటుంది. ఇండక్షన్ స్టవ్ వేయగానే కరెంటు పోతుంది, మళ్లీ దానంతటదే వస్తుంది.

మా వీధి ఎలక్ట్రీషియన్ వచ్చి ఇన్‌లెట్ దగ్గర టెస్టర్ పెట్టాడు. వెలిగింది. "కరెంటు మంచిగనే వస్తుంది సార్, మీ ఛార్జరే ఖరాబయి ఉంటది" అన్నాడు. ఇన్వర్టర్ ఛార్జర్ (బయటి కరెంటుతో బ్యాటరీని ఛార్జ్ చేసి, అది లేనప్పుడు బ్యాటరీ నుంచి 230 వోల్టులు ఇచ్చే పెట్టె) మార్చడమంటే వేల రూపాయల ఖర్చు. నాకు నమ్మకం కుదరలేదు. టెస్టర్ చెప్పేది ఫేజ్ ఉందా లేదా అన్నదొక్కటే. న్యూట్రల్ పూర్తిగా తెగినా అది వెలుగుతూనే ఉంటుంది. లోడ్ లేనప్పుడు మల్టీమీటర్‌దీ అదే సంగతి. మీటర్‌కి కావలసిన కరెంటు చాలా కొంచెం, అది ఎంత లూజ్ కాంటాక్ట్‌లోంచైనా పారుతుంది, కాబట్టి 230కి దగ్గరగానే చూపిస్తుంది.

అందుకని లోడ్ పెట్టి చూడాలనుకున్నాను. ఇండక్షన్ స్టవ్ తనంతట తానే ఆగుతూ నడుస్తూ ఉంటుంది గనుక ఈ పనికి నప్పదు. 1500 వాట్ల కెటిల్ అయితే నీళ్లు మరిగేదాకా నిలకడగా ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. బండి లోపల కెటిల్ పెట్టి, పక్క సాకెట్‌లో మూడు కొలతలు చూశాను. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య వోల్టేజ్ పెద్దగా కదల్లేదు. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య బాగా పడిపోయింది. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య మాత్రం 10కీ 20కీ నడుమ ఊగుతోంది! కెటిల్ ఆపితే అది రెండు వోల్టులలోపుకి వచ్చేసింది.

ఈ మూడో కొలతే నాకు దారి చూపించింది. ఎర్త్ తీగలో లోడ్ కరెంటు పారదు, కాబట్టి అందులో వోల్టేజ్ పడిపోవడం ఉండదు. దాన్ని ఆధారంగా పెట్టుకుంటే న్యూట్రల్‌లో ఎంత పోతోందో నేరుగా కనిపిస్తుంది. ఎర్త్ సరిగ్గా ఉంటేనే సుమా.

ఇక లోపం ఎక్కడుందో వెతకాలి. అదే కెటిల్‌ని గోడ సాకెట్‌కే పెట్టి చూస్తే అంతా నిలకడగా ఉంది. కేబుల్ చివర అడాప్టర్ తగిలించి చూసినా నిలకడే. అంటే ఇల్లూ కేబులూ బాగున్నాయి, లోపం బండిలోనే ఉంది. ఎంసీబీ ఆపి, కేబుల్ పీకేసి, ఇన్వర్టర్ కూడా ఆఫ్ చేశాను. చాలామంది ఇన్వర్టర్ సంగతి మరిచిపోతారు. బయటి కేబుల్ పీకినా లోపలి వైరింగ్‌లో అది 230 వోల్టులు ఇస్తూనే ఉండొచ్చు.

ఇన్‌లెట్ వెనక మూత విప్పగానే న్యూట్రల్ స్క్రూ దగ్గర తీగ నల్లగా మాడి, దాని తొడుగు గట్టిపడి కనిపించింది. కట్టినవాళ్లు మల్టీస్ట్రాండ్ తీగను లగ్ (తీగ కొసకి తొడిగి నొక్కే లోహపు ముక్క) వేయకుండా నేరుగా స్క్రూ కింద బిగించారు. బండి కుదుపులకి పోగులు సర్దుకుని స్క్రూ వదులైంది. ఆరు ఆంపియర్లు పారుతుంటే అక్కడ 20 వోల్టులు పోతున్నాయంటే, ఆ స్క్రూ మొనలో 120 వాట్ల వేడి పుడుతోందన్నమాట. పెద్ద లోడ్ పడగానే కాంటాక్ట్ విడిపోతుంది, రిలే పడిపోతుంది. లోడ్ తొలగగానే వోల్టేజ్ తిరిగొస్తుంది, రిలే మళ్లీ పట్టుకుంటుంది. టక్ టక్ శబ్దానికి కారణం ఇదే. ఛార్జర్‌లో ఏ లోపమూ లేదు.

కోఠి దగ్గర ట్రూప్ బజార్‌కి వెళ్లి కొత్త ఇన్‌లెట్, 2.5 స్క్వేర్ ఎంఎం తీగకి సరిపోయే పిన్ లగ్గులు, కేబుల్ గ్లాండ్ తెచ్చాను. వేడెక్కిన కాంటాక్ట్ పట్టు పోతుంది కాబట్టి పాత ఇన్‌లెట్‌ని మళ్లీ వాడలేదు. మాడిన భాగం కత్తిరించి, లోపల మెరిసే రాగి కనిపించేదాకా వెనక్కి వెళ్లి, లగ్ క్రింప్ చేసి బిగించాను. ఫేజ్‌కీ ఎర్త్‌కీ కూడా అలాగే చేశాను. ఇప్పుడు కెటిల్ నడుస్తున్నా న్యూట్రల్, ఎర్త్ మధ్య మూడు వోల్టులు దాటడం లేదు. నాగార్జునసాగర్ వెళ్లొచ్చాక మూత తీసి చూస్తే స్క్రూలు గట్టిగానే ఉన్నాయి.

చివరగా 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) టెస్ట్ బటన్ నొక్కాను. వెంటనే ట్రిప్ అయింది. మా క్యాంపర్ బాడీ అంతా అల్యూమినియం, లోపల ఎక్కడైనా లీకైతే దానికీ కరెంటు రావచ్చు. బయట ఎక్కడైనా బండి ఆపితే, అక్కడి సాకెట్‌లో ఎర్త్ ఉందో లేదో మీటర్‌తో చూశాకే కేబుల్ తగిలిస్తున్నాను. లేదని తేలితే ఆ రాత్రికి బ్యాటరీయే.