సీతాఫలాల కోసం ఉదయగిరికి

దసరా సెలవులొస్తే మేము నెల్లూరు జిల్లాలోని ఉదయగిరి వెళ్ళాల్సిందే. ఊరు దగ్గరపడుతుండగానే రోడ్డు పక్కన చెట్ల కింద గంపలు పెట్టుకుని, కొండలో కోసుకొచ్చిన సీతాఫలాలు అమ్మేవాళ్ళు కనిపిస్తారు. ఈసారి ఒక అవ్వ కాయను అరచేతిలో తిప్పి, కళ్ళ మధ్య సందులు తెల్లబారి విచ్చుకున్నది చూపించి, "ఇది రేపటికి పండుద్ది అబ్బయా, అది ఎల్లుండికి" అంటూ రెండు సంచుల్లో వేరువేరుగా పోసిచ్చింది. బేరమాడబుద్ధి కాలేదు.

అక్కడి కొండ మీది కోట ఎక్కాలంటే మాత్రం తెల్లారేసరికి మొదలుపెట్టండి, నీళ్ళు బాగా పట్టుకెళ్ళండి. 1514లో కృష్ణదేవరాయలు ఒడిశా రాజులైన గజపతుల నుంచి గెలుచుకున్న కోట ఇది. పైన గాలి తగులుతూ, వానలకు పచ్చబడ్డ కొండల్ని చూస్తూ కూర్చుంటే దిగాలనిపించదు. కింద ఊళ్ళో చేత్తో చెక్కిన చెక్క స్పూన్లు దొరుకుతాయి, మా అమ్మకు నాలుగు తెచ్చాను.