ఇంకొకరి పాటను మనం ఎత్తుకున్నప్పుడు

హనుమకొండలో ఏ సభలోనైనా ‘బండెనక బండి కట్టి’ అందుకోగానే జనం చప్పట్లతో కలిసిపోతారు. అది ఎవరి పాట అని అడిగితే మాత్రం చాలామంది గద్దర్ పేరే చెబుతారు. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో దాన్ని కట్టినవాడు బండి యాదగిరి. గౌతమ్ ఘోష్ తీసిన ‘మా భూమి’ చిత్రంలో గద్దర్ పాడిన తీరు జనం మనసుల్లో ఎంత బలంగా నాటుకుపోయిందంటే, కట్టిన మనిషి ఆ గొంతు వెనక మరుగున పడిపోయాడు. ఇందులో గద్దర్ తప్పేమీ లేదు. బాగా పాడినకొద్దీ పాట పాడినవాడిదైపోతుంది. కవర్, అంటే ఇంకొకరి పాటను తమ గొంతుతో మళ్లీ పాడదలచినవారు ముందుగా ఆలోచించవలసిన సంగతి ఇదేనని నా అభిప్రాయం.

ఆ పాటను మా బృందం సాధన చేసినప్పుడు చిక్కు శృతి దగ్గర రాలేదు, వంత దగ్గర వచ్చింది. ముందు పాడేవాడు నిజాంను నిలదీస్తూ చరణం ముగించగానే వెనక ఉన్నవాళ్లు ఆ చివరి మాటను అందుకొని మళ్లీ ఎత్తాలి. ఆ సందులోనే అతనికి ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది. ఒకే గొంతును నాలుగు ట్రాకులుగా పేర్చి గదిలో రికార్డు చేస్తే స్వరం తప్పదు గాని, గుంపు మాయమవుతుంది. అందుకే కీబోర్డు తీసేసి, డప్పు ఒక్కటే ఉంచి, వంతవాళ్లను మైకుకు దూరంగా నిలబెట్టాము.

సినిమా పాటను కరోకే ట్రాకు మీద గమకంతో సహా దించేస్తే, దానికన్నా మూలాన్నే వినవచ్చు కదా అనిపిస్తుంది. (పెళ్లి ఆర్కెస్ట్రాల అవసరం వేరు, వారిని నేనేమీ అనను.) మాణిక్యాపురం ఒగ్గుకథ కళాకారుడు చుక్క సత్తయ్య చెప్పిన మల్లన్న కథనే మరో ఒగ్గు కళాకారుడు చెబితే దాన్ని ఎవరూ కవర్ అనరు, అక్కడ కథ అందరిదీ, చెప్పే తీరే ఎవరిది వారిది.

చట్టం మాత్రం మార్పులంటే ఒప్పుకోదు. 1957 నాటి కాపీరైట్ చట్టానికి 2012లో చేర్చిన 31సి సెక్షన్ ప్రకారం, తొలి రికార్డింగు జరిగిన సంవత్సరం ముగిశాక అయిదు క్యాలెండర్ సంవత్సరాలు గడిస్తే, ముందుగా నోటీసూ రాయల్టీ ఇచ్చి కవర్ రికార్డు చేయవచ్చు. అయితే సాంకేతికంగా తప్పనిసరైనవి మినహా, హక్కుదారు సమ్మతి లేని మార్పులు చేయరాదు, అది కవర్ అని స్పష్టంగా రాయాలి. సాధారణంగా ఏటా కనీసం 50,000 ప్రతులకు రాయల్టీ కట్టాలన్న నిబంధన చూస్తే, ఇది మా వంటి చిన్న బృందాల కోసం రాసింది కాదని తెలుస్తూనే ఉంది.

మేము కట్టినవారి పేరూ, పాటను జనంలోకి తెచ్చినవారి పేరూ పాటకు ముందే చెబుతాము. వీడియో కింద రాస్తే ఎవరూ చదవరు, పాట అయ్యాక చెబితే చప్పట్లలో వినిపించదు. కట్టినవారెవరో తెలియని పాటైతే, మాకు నేర్పినవారి ఊరు చెబుతాము.