సర్వర్ పరీక్షకి డిస్కు కొని నేను పడ్డ పాట్లు

నిన్న రాత్రే పర్లాకిమిడి నుంచి బరంపురం వచ్చాను. కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

అక్కడ ఒక రైసు మిల్లు షావుకారు గారికి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసిచ్చాను, డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. ఇంకో ఆరు కౌంటర్లు పెడుతున్నారు, మిషను తట్టుకుంటుందో లేదో కళ్ళముందు చూపించమన్నారు. ప్రాసెసర్ ఎనిమిది కోర్లు, ర్యామ్ 32 జీబీ (ఒకటే కాదు, రెండు పదహార్లు వేయించండి), పరీక్ష నడిపేందుకు వేరే ల్యాప్‌టాప్. ఇవన్నీ ఒక్క పూటలో కుదిరాయి. చావగొట్టింది డిస్కే.

మా ఊరి షాపులో "రాత పని ఎక్కువ, గంటల తరబడి నడవాలి" అని విడమర్చి చెప్పాను. ఆయన అట్టపెట్టె మీద సెకనుకి 7,000 ఎంబీ అన్న అంకె చూపించి, దీన్ని మించింది లేదు బాబూ అని అంటగట్టాడు. అది పెద్ద ఫైలు ఏకబిగిన చదివే వేగం. డేటాబేస్‌కి కావాల్సింది వేరు: ప్రతి కమిట్‌కీ (ఒక్కో లావాదేవీ ఖరారైనప్పుడల్లా) లాగ్, అంటే మార్పుల చిట్టా, నిజంగా డిస్కులో పడిందని ఖాయం చేసుకోవాలి, ఎఫ్‌సింక్ అనే ఆ పని ఎంత త్వరగా అవుతుందో చూడాలి. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే పాత హార్డ్ డిస్కు సెకనుకి తిరిగేది 120 చుట్లే, ఒక్కో కమిట్ విడిగా రాస్తే దాదాపు అన్నే అవ్వాలి. వేలల్లో చూపించిందంటే ఆ డిస్కు క్యాష్‌లో (తన తాత్కాలిక మెమరీలో) పెట్టుకుని అబద్ధం చెబుతున్నట్టే.

ఇంట్లో పీజీబెంచ్ (పోస్ట్‌గ్రెస్‌తో వచ్చే వేగపరీక్ష ప్రోగ్రాం) స్కేల్ 10తో ఐదు నిమిషాలు నడిపితే బ్రహ్మాండంగా వచ్చింది. స్కేల్ పది అంటే పది లక్షల వరుసలు, 150 ఎంబీ చిల్లర. మొత్తం ర్యామ్‌లోనే సరిపోయింది. షావుకారు గారి దగ్గర మాత్రం స్కేల్ 4,000 పెట్టాను, 60 జీబీ దాకా అవుతుంది. సెకనుకి ఎన్ని లావాదేవీలు అవుతున్నాయో పది సెకన్లకో లైను వస్తుంటే వాళ్ళ గుమస్తా గట్టిగా చదువుతున్నాడు: ఆరు వేలు, ఆరు వేల వంద, ఐదు వేల తొమ్మిది వందలు. టీ వచ్చింది. పావుగంట దాటాక రెండు వేలు అన్నాడు, తర్వాత ఎనిమిది వందలు, ఏడు వందల యాభై. చదవడం ఆపి నా మొహం చూశాడు. షావుకారు గారు ఒక్క మాట కూడా అనలేదు, గ్లాసు కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయారు. తిట్టినా బాగుండేది.

మామూలు ఎస్‌ఎస్‌డీలో కొంత భాగమే చురుగ్గా రాస్తుంది, అది నిండాక అసలు వేగం బయటపడుతుంది. షాపువాడు "పని చేస్తోంది కదా, వాపసు లేదు" అన్నాడు. బిల్లు బదులు చీటీ ఇచ్చేవాళ్ళ దగ్గర దయచేసి కొనకండి.

విశాఖ వెళ్ళి సర్వర్లలో వాడిన పాత డిస్కు పట్టుకొచ్చాను, కెపాసిటర్లు ఉన్నది. కరెంటు పోయినా క్యాష్‌లో ఉన్నది రాసేంత ఛార్జి వాటిలో నిలుస్తుంది, అందుకే అది ధైర్యంగా, త్వరగా "రాశాను" అని చెప్పగలదు. నిన్న గంటసేపు నడిపాను. నాలుగు వేల దగ్గర మొదలై నాలుగు వేల దగ్గరే ఆగింది. ఈ చుట్టుపక్కల ఇలా గంట నడిపి చూపించి మిషను ఇచ్చేవాడు నాకు తెలిసి ఇంకొకడు లేడు.

అప్పుడు షావుకారు గారు గుమస్తా చేత నలభై బస్తాల బిల్లు ఒకటి కొట్టించి, కాగితం బయటికి రాగానే తనే లేచి సర్వర్ ప్లగ్గు పీకేశారు. మళ్ళీ ఆన్ చేసి వెతికితే నలభై బస్తాలూ ఉన్నాయి. బకాయి సోమవారం వచ్చి తీసుకెళ్ళమన్నారు.