హామండ్ గొంతు బొంగురుపోయే దాకా

మేముండేది చికాగో శివార్లలో. హామండ్ ఆర్గాన్ అనే కరెంటుతో పలికే మెట్ల వాద్యం పుట్టింది చికాగోలోనే, 1935లో. అందుకేనేమో ఇక్కడ పాత ఇళ్లలో ఇంకా అక్కడక్కడా కనిపిస్తుంటాయి. ఒక పెద్దావిడ "వచ్చి మోసుకెళ్తే ఊరికే ఇచ్చేస్తా" అంటే వెళ్లాను. ఎం-3 మోడల్, అంటే పైన 44, కింద 44 మెట్లు ఉండే ఇంటి సైజుది, 1955 నుంచి 1964 దాకా తయారైన రకం. చిన్నది అన్నమాటే గానీ వంద కిలోలు దాటుతుంది. నలుగురం కలిసి బేస్‌మెంట్ మెట్లు దించేసరికి ఒకడి నడుము పట్టేసింది. నేను వాడికి ఒక బిర్యానీ బాకీ ఉన్నానని ఇప్పటికీ అంటాడు.

నాకు కావల్సింది ఒక్కటే, ఆ బొంగురు గొంతు. మెత్తగా నొక్కితే శుభ్రంగా పలకాలి, కాలు కొంచెం నొక్కితే గరగరలాడాలి, కానీ చెవిలో గుచ్చుకోకూడదు. మా బాబాయి తెనాలిలో పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవాడు. తెల్లవారుజాము నాలుగింటికి పాత్రధారి గొంతు అరిగి ఒక రకమైన జీరతో పద్యం ఎత్తుకుంటే ముందు రాత్రి తొమ్మిదింటి గొంతు కంటే అదే బాగుందనిపించేది నాకు. సరిగ్గా ఆ జీర కావాలి.

మొదట దాన్ని ఆన్ చేయడమే రాలేదు. స్టార్ట్, రన్ అని రెండు స్విచ్‌లుంటాయి. స్టార్ట్‌ని ఓ 8 సెకన్లు పట్టుకోవాలి, లోపల మోటారు గిర్రుమని వేగం అందుకున్నాక దాన్ని వదలకుండానే రన్ కూడా వేసి, రెండూ కలిపి ఇంకో 4 సెకన్లు ఉంచి, అప్పుడు స్టార్ట్ వదలాలి. నేను సీలింగ్ ఫ్యాన్ స్విచ్ వేసినట్టు వేసి, శబ్దం రాకపోతే చచ్చిపోయిందనుకున్నా. తీరా పలికాక స్వరం కంటే హమ్ (కరెంటు రొద) ఎక్కువ. లోపలిది పాత రేడియోల్లో ఉండే వాల్వుల ఆంప్లిఫయర్, దాని కెపాసిటర్లు నా కంటే వయసులో పెద్దవి. దాన్ని నేను ముట్టుకోలేదు, మీరూ ముట్టుకోవద్దు. ప్లగ్ పీకేసినా లోపల మూడు నాలుగు వందల వోల్టులు నిలవ ఉండగలవు. తెలిసిన టెక్నీషియన్‌ని పిలిస్తే కెపాసిటర్లు మార్చాడు, రెండు 6వి6 వాల్వులు కొత్తవి వేశాడు, రెండు పిన్నుల తీగ తీసేసి ఎర్త్ ఉన్నది పెట్టాడు. ఏడాదికోసారి దానికని అమ్మే నూనే పోయమన్నాడు, తలుపు బందులకి కొట్టే స్ప్రే మాత్రం కొట్టొద్దన్నాడు. ఆ ఊహ నాకు వచ్చిందని ఆయనకెలా తెలిసిందో.

ఇక అసలు తప్పు ఇక్కడ చేశా. గిటార్ వాళ్లు శబ్దాన్ని కావాలని గరగరలాడించడానికి వాడే డిస్టార్షన్ పెడల్ ఒకటి కొని, ఆ టెక్నీషియన్‌తో ఆర్గాన్ నుంచి లైన్ అవుట్ (శబ్దం బయటికి తీసే తీగ) తీయించుకుని, పెడల్ నుంచి నేరుగా కీబోర్డ్ స్పీకర్‌కి కలిపా. ఈగలు ముసిరినట్టు జుయ్యిమంది. గెయిన్ (గరగర మోతాదు) తగ్గిస్తే చిన్న ఈగలు, పెంచితే పెద్ద ఈగలు. దానితో రెండు నెలలు కుస్తీ పట్టాను. కారణం తర్వాత అర్థమైంది. హామండ్‌లో తిరిగే పళ్లచక్రాలు పుట్టించే అతి పై స్వరం 5,900 హెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది, దాని పైన ఏమీ లేదు. డిస్టార్షన్ చేసేదేమో లేని పై స్వరాలన్నీ కొత్తగా పుట్టించడం. కీబోర్డ్ స్పీకర్ వాటిని నిజాయితీగా మొత్తం వినిపిస్తుంది. గిటార్ ఆంప్‌లోని 12 అంగుళాల స్పీకర్ అయితే ఆ పైదంతా వడగట్టేస్తుంది. డీప్ పర్పుల్ అనే రాక్ బ్యాండ్‌లో ఆర్గాన్ వాయించిన జాన్ లార్డ్ తన హామండ్‌ని మార్షల్ గిటార్ ఆంప్‌లోకి పెట్టడంలో గుట్టు కొంత ఇదే. నేను కూడా ఒక స్నేహితుడి గిటార్ ఆంప్ తెచ్చి కలిపితే ఈగలు పోయాయి, గొంతు వచ్చింది. కానీ కోపంగా ఉంది. నాకు కోపం కాదు, జీర కావాలి.

చివరికి 900 డాలర్లు పెట్టి పాత లెస్లీ 145, అంటే హామండ్‌కి జతగా వాడే తిరిగే స్పీకర్ పెట్టె, కొన్నాను. (ఇంట్లో చెప్పిన ధర వేరు.) లోపల పైన బాకా, కింద డ్రమ్ము తిరుగుతుంటాయి. దానికీ సొంత వాల్వుల ఆంప్ ఉంది, రెండు 6550లు, 40 వాట్లు. కలిపే కేబుల్ జాగ్రత్త. లెస్లీల్లో 122 రకానికీ 147 రకానికీ రెండింటికీ 6 పిన్నులే, 145ది 147 వరస, వైరింగ్ మాత్రం వేరువేరు. పైగా ఆ కేబుల్‌లోనే కరెంటూ వెళ్తుంది. కాబట్టి అదీ టెక్నీషియన్ పనే.

డిస్టార్షన్ పెడల్ తీసి పక్కన పెట్టేశా. లెస్లీ వెనక చెక్క ఊడదీస్తే ఆంప్ మీద వాల్యూమ్ నాబ్ ఉంటుంది, దాన్ని ఫుల్‌గా తిప్పేశా. ఇక గొంతు ఎంత బొంగురుపోవాలో తేల్చేది కాలి కింద ఉన్న ఎక్స్‌ప్రెషన్ పెడలే, అంటే ఆర్గాన్ శబ్దం పెంచి తగ్గించేది. సగం దాకా శుభ్రం, ముప్పాతిక దాటాక జీర మొదలు. బాబాయి తిత్తి ఊదే చెయ్యి గుర్తొచ్చింది, మెట్ల మీది చెయ్యి ఒకటే చేస్తున్నా తిత్తి మీది చెయ్యి ఊపిరి మారుస్తుండేది.

అయినా చెత్తగా వినిపించేది, డ్రాబార్లు (ఒక్కో హార్మోనిక్, అంటే స్వరంలో కలిసే ఉపస్వరం, ఎంత పలకాలో 0 నుంచి 8 దాకా లాగి పెట్టే కడ్డీలు) తొమ్మిదీ బయటికి లాగి వాయిస్తున్నా కాబట్టి. పై హార్మోనిక్స్ ఎంత పంపితే అంత గీర. మొదటి మూడే ఉంచా, రెండు గోధుమరంగువి, ఒక తెల్లది. మొదటిదీ మూడోదీ 8కి లాగి, పంచమం ఇచ్చే రెండోదాన్ని 5 దగ్గర ఆపాను. అప్పుడు వచ్చింది, పొట్టలోంచి. కార్డ్‌లు కూడా మార్చుకున్నా. ఎడమ చేత్తో స-గ-ప మూడూ పట్టుకుంటే బురద. వాల్వులు మితిమీరినప్పుడు రెండు స్వరాల మధ్య తేడా కూడా ఓ స్వరమై పలుకుతుంది. స-ప తేడా కింది స మీదే దాదాపు పడుతుంది, గాంధారంది కాస్త పక్కకి పడి కొట్టుకుంటుంది. అందుకని గాంధారం వదిలేసి స-ప మాత్రమే, కావాలంటే కుడి చేత్తో పైన.

రికార్డ్ చేసి బాబాయికి పంపా. "ఏంట్రా, దీనికి జలుబు చేసిందా?" అన్నాడు, కానీ మూడుసార్లు విన్నాడట. తెనాలి తెచ్చేయమన్నాడు. అది కుదరదు బాబాయ్, దీని శ్రుతి కరెంటు ఫ్రీక్వెన్సీ మీద ఆధారపడుతుంది, ఇక్కడ 60 హెర్ట్జ్, అక్కడ 50, వోల్టేజీకి ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా మూడు మెట్ల పైనే కిందికి దిగిపోతుంది అన్నాను.

"దిగనీరా, ఈ వయసులో పై శ్రుతి నాకెక్కడ అందుతుంది" అన్నాడు.